ఇరవై మూడు రోజుల ఎండ

1961 మార్చి 14, మంగళవారం, ఉదయం పదీ ఇరవై. కంభం నుంచి గిద్దలూరుకు రైలు మార్గాన సుమారు ఇరవై మైళ్లు. స్టేషను నుంచి మా ఆసుపత్రికి ఆరు ఫర్లాంగులు. ఆ ఆరు ఫర్లాంగులు నడవడానికి కంభంలో చిల్లర దుకాణం నడిపే కోటయ్యకు నలభై నిమిషాలు పట్టింది. ఆరేళ్ల కూతురు సుశీలను అతను ఒక నీడ నుంచి మరో నీడకు నడిపించుకుంటూ వచ్చాడు. పిల్ల తల మీద తడిపిన తువ్వాలు ఉంది. నీడ లేని చోట ఆ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని నిలబడిపోయేదట. వెనక అతని భార్య అనసూయమ్మ, ఆమె చంకలో నాలుగు నెలల మగబిడ్డ.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి అయిదో ఏడు నడుస్తోంది. గిద్దలూరు, కంభం, మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. మాది పన్నెండు పడకల ధర్మాసుపత్రి. దాని పేరు చెప్పను. ఇప్పుడది లేదు కూడా. ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, ఇద్దరు నర్సులు, ల్యాబ్ టెక్నీషియనుగా నేను. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. రసాయనశాస్త్రంలో డిగ్రీ ఉంది. నా చేతి పరీక్షలో తప్పు రాదన్న నమ్మకం దానికన్నా ఎక్కువగా ఉంది.

డాక్టర్ కమలాబాయి గారు పిల్లను కిటికీకి దూరంగా కూర్చోబెట్టి పరీక్షించి చెబుతుంటే రిజిస్టరులో రాసుకున్నది నేనే. ముఖం, మెడ, ముంజేతుల నిండా నల్లని, గోధుమరంగు మచ్చలు. వాటి మధ్య తెల్లని చుక్కలు. మచ్చలు గౌను మెడపట్టీ దగ్గర ఆగిపోయాయి. వీపు, పొట్ట, తొడలు శుభ్రం. అరచేతులు, అరికాళ్లు శుభ్రం. కళ్లు ఎర్రన. ముక్కు ఎడమ రెక్క మీద ఆరు మిల్లీమీటర్ల పుండు, అంచులు గట్టి. ఈ వివరాలన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. వాటిని రాయడం ఒకటి, చదవడం మరొకటి అని నాకు తెలియడానికి ఆరు వారాలు పట్టింది.

“మా ఈదిలో పెద్దరోగం అంటున్నారమ్మా,” అన్నాడు కోటయ్య. “దుకాణానికి వచ్చేవాళ్లు వాకిట్లోనే నిలబడి, డబ్బులు అరుగు మీద పెట్టి, సరుకు కింద పెట్టమంటారు. బళ్లో అయ్యవారు పిల్లను రావద్దన్నాడు.”

ముందు ఆ అనుమానం తేల్చాం. స్కిన్ స్మియర్, అంటే చర్మాన్ని సన్నగా గీరి, ఆ ద్రవాన్ని గాజుపలక మీద పూసి, రంగు వేసి, కుష్ఠు క్రిముల కోసం మైక్రోస్కోపు కింద వెదకడం. నాలుగు చోట్ల నుంచి తీశాను. క్రిములు లేవు. డాక్టరు గారు ముక్కు మీది పుండు నుంచి చిన్న ముక్క కోసి బయాప్సీకి, అంటే కణాల పరీక్షకు, ఫార్మలిన్ సీసాలో వేసి జిల్లా కేంద్రానికి పంపారు. ఇంతలో మద్రాసులో ఆవిడ తల్లికి ఆపరేషను అని కబురొచ్చింది. మార్చి 20న వెళ్తూ కోటయ్యతో, నా ఎదుటే, ఒక్క మాట చెప్పారు: “రిపోర్టు వచ్చేదాకా ఏదీ మార్చొద్దు. ఇప్పుడు ఎట్ల చూసుకుంటున్నారో అట్లనే చూసుకోండి.”

మూడు రోజులకు కోటయ్య ఒంటరిగా వచ్చాడు. పెద్దరోగం కాదని తేలిన తర్వాత అతని అనుమానం ఇంకోవైపు తిరిగింది.

“సారూ, ఎవురన్నా ఏమన్నా పెట్టినారేమో అని ఉంది నాకు. మా పక్కింటాయనకూ మాకూ గోడ తగాదా. బావి మాత్రం ఇద్దరికీ ఒకటే.”

“ఆ బావి నీళ్లు ఆయన కూడా తాగుతాడు కదా?”

“ఆయన ఈ మధ్య చెరువు నీళ్లు తెప్పించుకుంటున్నాడు సారూ. ఎందుకు తెప్పించుకుంటున్నాడు, చెప్పండి?”

ఆ ప్రశ్న నాకు నచ్చింది. పాషాణం, అంటే ఆర్సెనిక్, కొంచెం కొంచెంగా చాలాకాలం లోపలికి పోతే చర్మం మీద మచ్చలు వస్తాయని, మధ్యలో వానచుక్కల్లాంటి తెల్లదనం ఉంటుందని, చివరికి చర్మానికి కాన్సరు కూడా రావచ్చని పాఠ్యపుస్తకంలో చదివాను. అదే పేజీలో, ఆ మచ్చలు బట్ట కప్పిన ఒంటి మీదా వస్తాయని, అరచేతులూ అరికాళ్లూ కాయలు కాస్తాయని కూడా ఉంది. నేను మొదటి వాక్యం దగ్గరే ఆగాను.

ఆర్సెనిక్ పట్టడానికి గుట్‌జైట్ పరీక్ష అని ఒకటుంది. ఫ్లాస్కులో జింకు ముక్కలు, యాసిడ్, దానితోపాటు అనుమానించిన పదార్థం వేస్తాం. అందులో ఆర్సెనిక్ ఉంటే అది వాయువై పైకి లేచి, మూతి మీద పెట్టిన మెర్క్యూరిక్ క్లోరైడు కాగితం మీద పసుపు మరక వేస్తుంది. ఎక్కువ ఉంటే మరక గోధుమరంగుకు తిరుగుతుంది. మార్చి 25న కోటయ్య బావి నీళ్లు, ఆ వీధిలోని మరో రెండు బావుల నీళ్లు పరీక్షించాను. మూడు కాగితాలూ తెల్లగా ఉన్నాయి. ఆ పరీక్షలతో జింకు సీసా అయిపోయింది.

“బావి కాదు. పిల్ల ఇంకేం తింటోంది? ఏదైనా మందు?” అని అడిగాను.

“మా దస్తగిరి మామ ఇచ్చిన పొడి, సారూ. ఏడాదిగా తేనెలో పెడుతున్నాం.”

దస్తగిరి సాహెబు కంభం బజారులో ముప్పై ఏడేళ్లుగా హకీము. అలాంటి మందుల్లో పాషాణం కలిపేవాళ్లున్నారని విన్నాను. ఆ క్షణంలో నా మనసులో కేసు తేలిపోయింది. మిగిలింది కాగితం మీద మరక రావడమే. ఏప్రిల్ 1న కొత్త జింకు సీసా తెరిచి పొడిని పరీక్షించాను. నలభై నిమిషాలకు కాగితం మీద స్పష్టమైన పసుపు మరక. రెండో తారీఖున, పొడితోపాటు కోటయ్య తెచ్చిచ్చిన పిల్ల వెంట్రుకలను పరీక్షించాను. మళ్లీ మరక, అదే రంగులో. వేసిన పొడి ఒక గ్రాము. వెంట్రుకలు పావు గ్రాము. రెండింటికీ మరక అచ్చం ఒకేలా ఎందుకొచ్చిందన్న ప్రశ్న నాకు పుట్టనే లేదు.

ఏప్రిల్ 3న దంపతులిద్దరూ పిల్లలతో వచ్చారు. అనసూయమ్మ కొంగు తీసి మగబిడ్డ ముఖం చూపించింది. ముందురోజు వాకిట్లో కాసేపు పడుకోబెడితే బుగ్గలు కందిపోయి, ఒక చిన్న బొబ్బ లేచిందట. నాలుగున్నర నెలల బిడ్డకు పొడి ఎవరూ పెట్టలేదు. నా లెక్కకు అది అడ్డం రావాలి. నేను దాన్నీ లెక్కలోకి లాక్కున్నాను.

“నువ్వు కూడా ఆ పొడి తింటున్నావా అమ్మా?”

“నేనెందుకు తింటా సారూ?”

“పాలల్లోంచి బిడ్డకు పోవచ్చు. నిజం చెప్పు.”

“నిజమే చెబుతున్నా. నా బిడ్డకు నేను విషం పెడతానా?” తల వంచుకుంది. ఆ తల వంచుకోవడాన్ని నేను దాపరికంగా తీసుకున్నాను.

కోటయ్య ఆమె వైపు తిరిగి, “తిన్నావా, లేదా? సారు ఊరికే అడుగుతాడా?” అన్నాడు.

“పిల్లలిద్దరికీ ఎండ పడితేనే లేస్తాండాది సారూ,” అందామె నాతోనే, భర్తను చూడకుండా. “గౌను కింద చూడండి, ఒక్క మచ్చ లేదు.”

“అది వేరే సంగతి,” అన్నాను.

తర్వాత నా సలహాలు చెప్పాను. హకీము మందు ఆపేయాలి. ఇంటి పాత్రల్లో, వంటింట్లో ఆ పొడి కలిసి ఉండవచ్చు కాబట్టి పిల్లలను కొన్నాళ్లు ఆ ఇంటికి దూరంగా, గాలీ వెలుతురూ ఉన్న చోట ఉంచాలి. తల్లి వెంట్రుకల పరీక్ష అయ్యేదాకా బిడ్డకు ఆవుపాలు పట్టాలి. ఏదీ మార్చొద్దని డాక్టరు గారు చెప్పి అప్పటికి పద్నాలుగు రోజులు. నాకు ఆ మాట గుర్తుంది. మరక చూడలేదు కాబట్టి ఆవిడ అలా అన్నారని సర్దిచెప్పుకున్నాను.

అనసూయమ్మ తండ్రికి మార్కాపురం దాటి, పుల్లలచెరువు వైపు, అడవి అంచు ఊళ్లో చిన్న అంగడి, దానితోపాటు కాస్త చేను ఉన్నాయి. ఆ రోజే తల్లీబిడ్డలను అక్కడికి పంపి, చేలో కొట్టం వేయించారు. కోటయ్య కంభంలోనే ఉండి దుకాణం చూసుకున్నాడు. వచ్చినవారందరికీ ఆసుపత్రి పరీక్షలో ఏం తేలిందో చెప్పాడు.

ఏప్రిల్ 24, సోమవారం. పదకొండు గంటలకు ఒక ముసలాయన నా గది గుమ్మంలో నిలబడ్డాడు. తెల్లటి గడ్డం, మాసిన షేర్వాణీ, చేతిలో గుడ్డసంచి.

“పరీక్షలు చేసే సారు నువ్వేనా నాయనా? నేను కంభం దస్తగిరిని. విషం అమ్మేవాణ్ణి.”

నేను కుర్చీ చూపించాను. ఆయన కూర్చోలేదు.

“నా దవాఖానా బోర్డు పీకేసినారు. మూడు వారాలాయె, గుమ్మం తొక్కినవాడు లేడు. నిన్న నా మనవరాలు బొరుగులు కొనుక్కోబోతే అంగడాయన డబ్బులు నీళ్లలో కడుక్కున్నాడంట. నేను ముట్టుకున్న డబ్బులని!” సంచిలోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. “ఇదే పొడి. గంధకం, సుగంధిపాల, వేప. ఇట్ల చూడు.” అరచేతిలో చెంచాడు పోసుకుని నోట్లో వేసుకుని, నీళ్లు కూడా అడక్కుండా మింగాడు. “నేను చచ్చేదాకా కూచుంటావా, లేకుంటే నీ పని నువ్వు చూపిస్తావా?”

ఈ పొట్లంలో కలపకుండా, ఆ పొట్లంలో కలిపి ఉండొచ్చు కదా అన్నాను. నా అనుమానం అంత గట్టిది.

“సరే. నా మందు వద్దు. నీ సీసాలో నీ సరుకే వేసి, నా మందు వేయకుండా చూపించు.”

“ఎందుకు?”

“ఎందుకేంది? తక్కెడ పట్టేవాడు ముందు ఖాళీ తక్కెడ ఎత్తి చూపిస్తాడు కదా. మా బజార్లో చింతపండు అమ్మే ముసిల్ది కూడా చూపిస్తాది. నేను మందు తూచేటప్పుడు ఎవురొచ్చినా ముల్లు నడిమికి నిలబడేది చూపించినాకనే పొడి వేస్తా. నువ్వు చదువుకున్నోడివి. నీ తక్కెడ ఖాళీది ఎప్పుడన్నా చూసినావా?”

మా భాషలో దానికి బ్లాంక్ అని పేరు. పరీక్షించే పదార్థం తప్ప మిగతా అన్నీ వేసి చేసే పరీక్ష. కొత్త సీసా తెరిచినప్పుడల్లా చేయాలి. పాత సీసాకు చేశాను. కొత్త సీసా వేరే వర్తకుడి దగ్గర నుంచి వచ్చింది. చీటీ మీద అదే పేరు, అదే శుద్ధత రాసి ఉంది. మరక చూడాలన్న ఆత్రంలో బ్లాంక్ వదిలేశాను.

ఆయన ముందే ఫ్లాస్కు కడిగి, జింకు, యాసిడ్, శుద్ధజలం మాత్రమే వేసి, కాగితం బిగించాను. పదకొండూ పదికి మొదలు. ఆయన అప్పుడు కూర్చున్నాడు. ఇరవై నిమిషాలకు కాగితం మధ్యలో పసుపు జాడ. నలభై నిమిషాలకు మరక. ఏప్రిల్ 1 నాటి కాగితం మైనపు పొట్లంలోంచి తీసి పక్కన పెట్టాను. రెంటికీ తేడా లేదు. ఆర్సెనిక్ ఉన్నది జింకులో.

ఆయన రెండు కాగితాలూ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. “ఇప్పుడీ నీళ్లలో కూడా దస్తగిరే కలిపినాడా నాయనా?”

ఆయన లేచి, సంచి సర్దుకుంటూ, తిట్టవలసిన చోట తిట్టకుండా ఇంకొక మాట అన్నాడు. నాకు ఈనాటికీ నిద్రలో వినిపించేది ఆ మాటే.

“పిల్లను నా దగ్గరికి తెచ్చేసరికే మచ్చలున్నాయి. నా మందుకు తగ్గేది కాదని నాకు తెలుసు. అయినా ఒకటి చెప్పినా: పొద్దెక్కినాక బిడ్డను బయటికి తీయొద్దండి, తలుపు దగ్గరికేసి ఉంచండి అని. ఏడాది ఆ మాట విన్నారు పాపం. ఇప్పుడు నా మాట ఎవురు వింటారు?”

ఏదీ మార్చొద్దన్న డాక్టరు గారి మాటలో ఉన్నది కూడా ఇదే. ఆ ఇంట్లో పగలు తలుపు మూసి ఉండేది. దాన్ని తెరిపించినవాణ్ణి నేను.

మర్నాడు రైలులో మార్కాపురం రోడ్డు దాకా, అక్కడి నుంచి బస్సులో, చివర అయిదు మైళ్లు నడిచి, 26వ తారీఖు పొద్దున తొమ్మిదికి ఆ చేనికి చేరాను. చుట్టూ కోసేసిన జొన్న మోళ్లు. ఏప్రిల్ ఎండకు నేల నెర్రెలిచ్చింది. కొట్టానికి మూడు వైపులా గోడలు లేవు. సుశీల గడ్డిమోపు వెనక ముఖం దాచుకుని, రెండు చేతులతో కళ్లు మూసుకుని ఉంది. ముక్కు మీది పుండు పది మిల్లీమీటర్లు దాటింది. బిడ్డను నూనె రాసి, వాకిట్లో నులకమంచం మీద పడుకోబెట్టారు. ఎండ అతని ఛాతీ దాకా ఉంది. ముఖం పొరలు పొరలుగా ఊడింది. రెండు రెప్పలూ ఉబ్బి మూసుకుపోయాయి.

నేను మంచం ఎత్తి లోపలికి లాగబోయాను. అనసూయమ్మ పరుగెత్తుకొచ్చి రెండో పక్క పట్టుకుంది.

“మళ్లా ఏంది సారూ? గాలీ వెలుతురూ తగలాలంటిరి కదా. పొద్దున ఒక జాము, సాయంత్రం ఒక జాము... మీరు చెప్పినట్లే పెట్టినా.”

“నేను చెప్పింది తప్పమ్మా.”

ఆమె మంచం వదల్లేదు. “ఏది తప్పు? పొడి తిన్నావన్నదా? పాలు ఆపమన్నదా? ఇదా?”

“అన్నీ.”

ఆమె కొంగు తీసి బిడ్డ ముఖం కప్పింది. ఏడవలేదు. “పాలు ఎండిపోయినాయి సారూ,” అంది.

సూర్యుడు దిగిన తర్వాత ఎడ్లబండికి గోనెపట్టాలు కట్టి ముగ్గురినీ తీసుకొచ్చాను. డాక్టర్ కమలాబాయి గారు 28న తిరిగొచ్చారు. ఆవిడ బల్ల మీద బయాప్సీ రిపోర్టు పది రోజులుగా కవరు విప్పకుండా ఉంది. స్క్వామస్ సెల్ కార్సినోమా: చర్మం పైపొర కణాల కాన్సరు. అరవై ఏళ్లు ఎండలో పనిచేసిన రైతుకు రావలసినది ఆరేళ్ల పిల్లకు వచ్చింది. ఆవిడ రిజిస్టరు నా ముందుకు తోసి, మచ్చలు గౌను మెడపట్టీ దగ్గర ఆగిపోయాయి అన్న వరుస మీద వేలు పెట్టారు.

“ఇది ఎవరి చేతిరాత?”

“నాదే మేడమ్.”

“విషం గౌను మెడపట్టీ చూసుకుని ఆగుతుందా?”

మద్రాసులోని ఒక చర్మవ్యాధుల ప్రొఫెసరుకు ఆవిడ రాసిన ఉత్తరానికి మే మూడో వారంలో జవాబు వచ్చింది. జీరోడెర్మా పిగ్మెంటోసమ్. దగ్గరి సంబంధాల పెళ్లిళ్లలో ఎక్కువగా కనిపించే వంశపారంపర్య వ్యాధి. మందు లేదు. ఎండ సోకనీయకూడదు.

ఎందుకు సోకనీయకూడదో అప్పటికి ఎవరికీ పూర్తిగా తెలియదు. ఆ దశాబ్దం చివర్లో తెలిసింది. నాకు అర్థమైనంతలో చెబుతాను. మన ప్రతి కణంలో డీఎన్‌ఏ అనే పొడవైన రాత ఉంటుంది. కణం రెండుగా చీలినప్పుడల్లా ఆ రాతకు నకలు తీస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే ఆ రాతలో పక్కపక్కనున్న రెండు అక్షరాలు అతుక్కుపోతాయి. ఇది మీకూ నాకూ రోజూ జరుగుతుంది. రిజిస్ట్రారు కచేరీలో దస్తావేజు నకలు రాసేవాడు ఒకడైతే, అసలుతో పోల్చి చూసేవాడు వేరొకడు ఉన్నట్టు, కణంలోనూ తప్పును పట్టి, ఆ ముక్క కత్తిరించి, సరైనది అతికించే ఎంజైములు ఉంటాయి. ఈ పిల్లల్లో చెడినది ఆ దిద్దుబాటు పనివారిని తయారుచేసే జన్యువే. దానిలో వచ్చిన మార్పును మ్యుటేషను అంటాం. దిద్దుబాటు జరగనందువల్ల ఎండ చేసిన ప్రతి గాయమూ చర్మకణంలో నిలిచిపోయి కొత్త మ్యుటేషను అవుతుంది. అలాంటి వాటిలో కొన్ని, కణం ఎప్పుడు పెరగాలో ఎప్పుడు ఆగాలో చెప్పే జన్యువుల మీద పడతాయి. అప్పుడు ఆ కణం ఆగదు. అదే కాన్సరు. పుట్టుకతో వచ్చిన మ్యుటేషను ఒకటి, బతుకులో పోగైన మ్యుటేషన్లు వేలు. ఈ వ్యాధిలో మొదటిది రెండోవాటికి తలుపు తీస్తుంది.

పుట్టుకతో వచ్చినది ఎక్కడిది అన్నది అనసూయమ్మ అడిగింది, డాక్టరు గారి గదిలో, భర్త పక్కనుండగానే.

“ఇది నా వల్లనా అమ్మా, ఆయన వల్లనా? మా అత్తమ్మ నన్ను అడుగుతాది. ఇప్పుడే చెప్పండి.”

“పెళ్లికి ముందు మీ ఇద్దరికీ వరస ఏమిటి?”

“నేను ఆయనకు సొంత మేనమామ కూతుర్ని. మాలో మేనరికం ఉంటే బయట సంబంధం చూడరు.”

డాక్టరు గారు కాగితం మీద గీతలు గీసి చూపించారు. ప్రతి జన్యువూ మనలో రెండు ప్రతులుగా ఉంటుంది, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒకటి చెడినా రెండోది పని చేస్తుంది. మనిషికి ఏమీ కాదు. తాతల కాలంలో ఎవరో ఒకరిలో చెడిన ప్రతి, ఇటు అనసూయమ్మ తండ్రికీ అటు ఆయన అక్క అయిన కోటయ్య తల్లికీ చేరి, వాళ్ల నుంచి మీ ఇద్దరికీ వచ్చింది. మీ ఇద్దరి దగ్గరి నుంచీ చెడినవే అందుకున్న బిడ్డకు వ్యాధి వస్తుంది. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం.

“అంటే సగం నాది, సగం ఆయనదా?”

“సగం సగం. కానీ ఇందులో తప్పు ఎవరిదీ లేదమ్మా.”

“ఆ మాట మా అత్తమ్మతో కూడా చెప్పండి,” అంది అనసూయమ్మ. కోటయ్య అందుకున్నాడు: “నేను చెబుతాలే.” ఆ దంపతులు మళ్లీ పిల్లలను కనలేదు. కోటయ్య చెల్లెలిని అనసూయమ్మ తమ్ముడికి ఇవ్వాలని పెద్దలు అనుకున్న మాట కూడా అక్కడితో ఆగింది.

నేను చేయవలసింది ఇంకొకటి మిగిలింది. వేరే జింకు తెప్పించి, బ్లాంక్ చేసి, దస్తగిరి పొడిని మళ్లీ పరీక్షించాను. కాగితం తెల్లగా ఉంది. జూన్ మొదటి వారంలో కంభం బజారుకు వెళ్లి, సంత రోజున, కోటయ్య అరుగు మీద నిలబడి, నా పరీక్ష తప్పని, సాహెబు మందులో విషం లేదని, మరక పడిన కాగితాన్నీ తెల్లకాగితాన్నీ ఎత్తి చూపించి చెప్పాను. పదిహేను ఇరవై మంది విన్నారు.

వెనక నుంచి ఒకాయన అడిగాడు: “అప్పుడు తప్పు చేసినావా సారూ, ఇప్పుడు చేస్తాండావా?”

“అప్పుడు.”

“మాకెట్ల తెలియాల?”

ఇంకొకాయన పక్కవాడితో, నాకు వినపడేలాగే, “సాయిబు ఎంత ముట్టజెప్పినాడో,” అన్నాడు. కొందరు నవ్వారు. అనుమానం పుట్టించడానికి నాకు ఒక మరక చాలింది. దాన్ని తీయడానికి తెల్లకాగితం చాలలేదు. దస్తగిరి సాహెబు ఆ మధ్యాహ్నం బజారులో లేడు. అంతకు వారం ముందే దొనకొండలోని కూతురింటికి వెళ్లిపోయాడు. తర్వాత నేను అక్కడికీ వెళ్లాను. ఆయన టీ ఇప్పించాడు. పిల్లల సంగతి అడిగాడు. తన సంగతి ఎత్తలేదు.

తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు ఈ ఉద్యోగం చేశాను. కొత్త సీసా తెరిచిన ప్రతిసారీ బ్లాంక్ చేశాను. నా కింద శిక్షణ పొందినవారి చేత చేయించాను. అది పద్ధతికి సంబంధించిన పాఠం, తేలికగానే వంటబట్టింది. కష్టపడి నేర్చుకున్నది వేరొకటి. ఆ కేసులో నేను అందరినీ అనుమానించాను: పక్కింటాయనను, హకీమును, చివరికి పాలిచ్చే తల్లిని. అనుమానించనిది నన్నొక్కడినే. ఎండ పడితేనే లేస్తోందని ఆ తల్లి చెప్పినప్పుడు ఆమె తన రోజువారీ పరిశీలన నాకు ఇచ్చింది. ఆ ఇంట్లో పిల్లలను రోజంతా చూసిన మనిషి ఆమే. నేను దాన్ని వేరే సంగతి అన్నాను.

ఆ ఇరవై మూడు రోజులు లేకపోతే ఆ పిల్లలు ఇంకెన్నాళ్లు బతికేవారో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. వ్యాధి వాళ్లతోనే పుట్టింది. దాని మీద నేను కలిపిన ఎండ ఎంత అన్నది కొలిచే పరికరం లేదు. కొలవగలిగినవి మాత్రం రాసిపెట్టుకున్నాను.

ఏప్రిల్ 3 నుంచి 26 దాకా, నీడ లేని చేలో ఇద్దరు పిల్లలు, ఇరవై మూడు రోజులు. సుశీలకు పోయినవి: ముక్కు ఎడమ రెక్క, 1961 జూన్. ఎడమ కన్ను, 1962. మొత్తం ఆపరేషన్లు ఏడు. ప్రాణం 1966లో, పదకొండో ఏట. తమ్ముడికి కుడికంటి చూపు రెండేళ్లు నిండకముందే, తలుపులు మూసిన ఇంట్లో ఇరవై రెండేళ్లు, ప్రాణం 1983లో. అనసూయమ్మకు పాలు, ఇద్దరు పిల్లలు. దస్తగిరి సాహెబుకు ముప్పై ఏడేళ్ల దవాఖానా, పుట్టిన ఊరు. నాకు పోయినది ఏమీ లేదు. ఆ నెల జీతం పూర్తిగా ముట్టింది.